జిల్లా మారినా నంబరు మారదు: పశ్చిమ ప్రకాశంలో పాత తుపాకుల లెక్క

2025 డిసెంబరు చివర్లో మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. గిద్దలూరు, యర్రగొండపాలెం, కనిగిరి ప్రాంతాల వాళ్లు ప్రతి పనికీ ఒంగోలు దాకా వెళ్లాల్సిన అవసరం తగ్గుతుందని అందరూ సంతోషించారు. ఏ కార్యాలయం ఎక్కడ పెడతారు, వెలిగొండ నీళ్లు ఎప్పుడు వస్తాయి అన్న చర్చలే ఇప్పటికీ ఎక్కువగా వినిపిస్తున్నాయి. ఈ మార్పులో ఎవరూ పెద్దగా పట్టించుకోని చిన్న దస్త్రం ఒకటి ఉంది. అది తుపాకీ లైసెన్సుల రిజిస్టరు.

తుపాకీ లైసెన్సు ఇచ్చేది, రెన్యువల్ చేసేది, రద్దు చేసేది జిల్లా కలెక్టర్ హోదాలో ఉండే జిల్లా మెజిస్ట్రేట్. జిల్లా మారితే ఆ అధికారి కూడా మారతాడు. నల్లమల అంచు ఊళ్లలో, కంభం, గిద్దలూరు, మార్కాపురం పట్టణాల్లో దాదాల కాలం నాటి తుపాకీ ఇంట్లో ఉన్న కుటుంబాలకు ఇది పట్టించుకోవాల్సిన మార్పు. హిందూ కుటుంబమైనా ముస్లిం కుటుంబమైనా చట్టం ఒకటే. "దాదా తుపాకీ, ఎప్పటి నుంచో ఉంది, కాగితాలు ఎక్కడో ఉన్నాయి" అన్న మాట ఇన్నాళ్లూ చెల్లుబాటై ఉండొచ్చు. 2019 తర్వాత మారిన చట్టం ముందు ఆ మాట నిలబడదు. నిలబడేది ఒక్కటే. అది తుపాకీ ఇనుము మీద చెక్కిన నంబరు, ఆ నంబరుకు సరిపోయే కాగితం.

ఒకే ఇల్లు, ఎన్నో చిరునామాలు

పశ్చిమ ప్రకాశంలో ఈ సమస్య మిగతా చోట్ల కంటే ఎందుకు ఎక్కువో అర్థం కావాలంటే కొంచెం చరిత్ర చూడాలి. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు మొదట్లో కర్నూలు జిల్లాలో ఉండేవి. 1953కి ముందు అది మద్రాసు రాష్ట్రం. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్ అయింది. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని తాలూకాలు విడదీసి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి చీరాల, పర్చూరు, అద్దంకి వైపు ప్రాంతాలు బాపట్లకు, కందుకూరు నెల్లూరుకు పోయాయి. ఇప్పుడు మార్కాపురం జిల్లా వచ్చింది.

అంటే 1940లలో లైసెన్సు తీసుకున్న ఒక రైతు ఇల్లు గజం కూడా కదలకుండానే మద్రాసు ప్రభుత్వ ముద్ర, కర్నూలు కలెక్టరేట్ ముద్ర, ఒంగోలు ముద్ర చూసింది. ఇక మీదట మార్కాపురం ముద్ర చూస్తుంది. ఈ మధ్యలో లైసెన్సు పుస్తకాలు మారాయి. పాత పుస్తకం నిండితే కొత్త పుస్తకంలోకి వివరాలు చేత్తో ఎక్కించారు. ఒక గుమాస్తా ఇంగ్లీషులో రాసింది మరొకరు తెలుగులో రాశారు, ఇంకొకరు దాన్ని కంప్యూటరులోకి ఎక్కించారు. ప్రతి మెట్టు దగ్గరా ఒక అంకె తప్పు పడే అవకాశం ఉంది. సున్నాను ఇంగ్లీషు ఓ అక్షరంగా, ఎనిమిదిని బీగా, అయిదును ఎస్‌గా చదవడం మామూలే.

మార్కాపురం పలకలకు పేరు పడ్డ ఊరు. పలక మీద రాత చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. ఇనుము మీద చెక్కిన నంబరు విషయంలో ఆ వీలు లేదు. కాగితంలో తప్పు పడితే దిద్దాల్సింది కాగితాన్నే. ఆ దిద్దుబాటు ఎంత ముందు జరిగితే అంత మంచిది.

నంబరు ఒక్కటే చాలదు

పాత తుపాకీని గుర్తించాలంటే నంబరు చూస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి సీరియల్ నంబరు ఒక్కటే ఉంటే దాదాపు ఏమీ తెలియదు. ప్రతి కంపెనీ తన లెక్క తాను వేసుకుంటుంది. కొన్ని కంపెనీలు కొత్త మోడల్ మొదలుపెట్టినప్పుడల్లా ఒకటి నుంచి మళ్లీ లెక్కపెట్టాయి. కాబట్టి ఒకే నంబరుతో రెండు వేర్వేరు తుపాకులు ఉండడం వింత కాదు. తయారీదారు పేరు, బోరు, నంబరు ఈ మూడూ కలిస్తేనే గుర్తింపు.

నాలుగోది ప్రూఫ్ ముద్ర. బ్రిటన్‌లో తయారైన తుపాకీని అమ్మే ముందు ఎక్కువ మందు పెట్టి పరీక్షగా పేల్చి, గొట్టం తట్టుకుంటే ముద్ర వేస్తారు. బర్మింగ్‌హామ్‌లో ఈ పరీక్షా కేంద్రం 1813 నుంచి ఉంది. బెల్జియంలోని లీజ్ నగరానిది వేరే ముద్ర. మన వైపు పాత ఇళ్లలో దొరికే డబుల్ బ్యారెల్ తుపాకీ గొట్టం అడుగున చూస్తే ఈ ముద్రలు కనిపించవచ్చు. తుపాకీ ఏ దేశానిది, సుమారుగా ఏ కాలానిది, ఏ బోరుది అన్నది నంబరు కంటే ఎక్కువగా ఈ ముద్రలే చెబుతాయి. చాలా తుపాకులకు నంబరు ఒకచోట కాకుండా బాడీ మీద, గొట్టం మీద, ముందు చెక్క కింది ఇనుప భాగం మీద కూడా ఉంటుంది. మూడూ ఒకటే అయితే తుపాకీ అసలు రూపంలో ఉన్నట్టు. తేడా ఉంటే ఎప్పుడో ఒక భాగం మార్చినట్టు. లైసెన్సులో రాసిన నంబరు వీటిలో దేన్ని చూసి రాసిందో తేల్చుకోవాల్సింది అప్పుడే.

నాటు తుపాకుల సంగతి వేరు. ముందు నుంచి మందు కూరే తుపాకులు స్థానికంగా తయారైనవి చాలా ఉండేవి. వాటికి ఫ్యాక్టరీ నంబరు ఉండదు. 1959 ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని సెక్షన్ 8 ప్రకారం తయారీదారు పేరు, నంబరు లేదా మరో గుర్తింపు ముద్ర లేని తుపాకీని అమ్మడం, బదిలీ చేయడం కుదరదు. ఉన్న ముద్రను చెరిపినా, మార్చినా నేరం. అంతేకాదు, నంబరు చెరిగిన తుపాకీ ఎవరి దగ్గర దొరికితే వాళ్లే చెరిపినట్టు చట్టం భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సింది ఆ మనిషే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తుప్పు పట్టింది కదా అని నంబరు ఉన్నచోట గరుకు కాగితంతో రుద్దేవాళ్లు ఉంటారు. మంచి ఉద్దేశంతో చేసిన ఆ పని నంబరు చెరిపిన నేరంలా కనిపించే ప్రమాదం ఉంది. నంబరు సరిగా కనిపించకపోతే మెత్తటి గుడ్డతో తుడిచి, పలుచటి తెల్ల కాగితం పెట్టి పైన పెన్సిల్‌తో మెల్లగా రుద్దాలి. నాణెం బొమ్మ దిగినట్టు అంకెలు కాగితం మీదికి దిగుతాయి.

టార్గెట్ రైఫిళ్లు నేర్పిన పద్ధతి

నంబర్ల ఆధారంగా తుపాకుల చరిత్ర రాసే పద్ధతిని బాగా పెంచింది పాత టార్గెట్ రైఫిళ్లు సేకరించేవాళ్లు. బోయర్ యుద్ధం (1899-1902) తర్వాత బ్రిటన్‌లో సామాన్యులకు గురి నేర్పాలన్న ఊపు వచ్చి ఊరూరా చిన్న రైఫిల్ క్లబ్బులు పుట్టాయి. వాటి కోసం బీఎస్‌ఏ లాంటి కంపెనీలు పాయింట్ 22 బోరు మార్టిని రైఫిళ్లు తయారుచేశాయి. బర్మింగ్‌హామ్ స్మాల్ హీత్‌లోని బీఎస్‌ఏ ఫ్యాక్టరీ 1940 నవంబరులో జర్మన్ బాంబు దాడిలో బాగా దెబ్బతింది. ఆ కాలపు తయారీ లెక్కలు ఇప్పుడు పూర్తిగా దొరకవు.

అందుకే సేకర్తలు ఉల్టా దారి పట్టారు. ఫ్యాక్టరీ పుస్తకం లేకపోతే తుపాకులనే అడుగుదాం అనుకున్నారు. ఎవరి దగ్గర ఏ నంబరు ఉంది, దాని మీద ఏ ముద్రలున్నాయి, గురి చూసే సైట్ ఏ రకం, చెక్క ఏ ఆకారం అన్నది ఒక పట్టికలో ఎక్కించారు. వందల నంబర్లు పోగయ్యాక ఏ నంబరు నుంచి ఏ మార్పు మొదలైందో, ఏ వరుస సుమారుగా ఏ ఏడాదిదో తెలుస్తుంది. ఒక్క తుపాకీ ఏమీ చెప్పదు, వంద తుపాకులు కలిస్తే చరిత్ర చెబుతాయి. డబ్బు పెట్టి కొనని వాళ్లు కూడా నంబరు రాసి పంపి ఈ పనిలో భాగమవుతారు.

మన దేశంలో ఈ కథ ఇషాపూర్‌తో ముడిపడి ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ 1904 నాటిది. పాయింట్ 303 సైన్యం వాడే బోరు కాబట్టి సామాన్యులకు అది దక్కేది కాదు. వాళ్ల కోసం అక్కడ పాయింట్ 315 స్పోర్టింగ్ రైఫిల్, పాయింట్ 22 రైఫిల్ తయారయ్యాయి. 2021 అక్టోబరు 1న ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీల బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టినప్పుడు ఇషాపూర్ కొత్త కంపెనీ కిందికి వెళ్లింది. కలెక్టరేట్ మారినట్టే ఫ్యాక్టరీ యజమాని పేరూ మారింది. పాత రైఫిల్ మీద నంబరు మాత్రం అలాగే ఉంది. ఎన్‌సీసీలో చేరిన కాలేజీ పిల్లలు తొలిసారి గురి చూసింది ఎక్కువగా పాయింట్ 22 రైఫిల్‌తోనే. ప్రతి ఫైరింగ్ రోజునా రైఫిల్ నంబరు చూసి ఇవ్వడం, నంబరు చూసి తీసుకోవడం అక్కడి క్రమశిక్షణ. ఇంట్లో ఉన్న తుపాకీకి కూడా ఆ అలవాటే కావాలి.

గురి ఆటకు చట్టం కొంత చోటిచ్చింది. కేంద్రం గుర్తించిన రైఫిల్ క్లబ్ లేదా అసోసియేషన్ సభ్యులు గురి సాధన కోసం వాడే పాయింట్ 22 రైఫిల్‌కు, ఎయిర్ రైఫిల్‌కు తుపాకుల సంఖ్యా పరిమితి వర్తించదు. 2020 ఫిబ్రవరిలో నిబంధనలు సవరించి, అంతర్జాతీయ పతకాలు గెలిచిన షూటర్లు 12 తుపాకుల వరకు ఉంచుకునే వీలు కల్పించారు. అంతకుముందు ఆ సంఖ్య 7. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాక తెలుగు పిల్లల్లో ఈ ఆట మీద ఆసక్తి పెరిగింది. కానీ ఈ సడలింపు నమోదైన క్రీడాకారుడికి మాత్రమే. "దాదా కూడా షికారు ఆడేవాడు" అన్న కారణంతో ఇంట్లోని పాత రైఫిల్ క్రీడా ఆయుధం అయిపోదు.

2019లో ఏం మారింది

2019 డిసెంబరు 14 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ చట్టం మామూలు కుటుంబాలను నేరుగా తాకింది. అంతకుముందు ఒక మనిషి మూడు తుపాకుల వరకు ఉంచుకోవచ్చు. ఇప్పుడు రెండే. వారసత్వంగా వచ్చిన తుపాకీ కూడా ఈ రెండింటిలోకే వస్తుంది. మూడోది ఉన్నవాళ్లు ఏడాదిలోగా పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో అప్పగించాలని చెప్పారు. లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచడం ఒక్కటే ఊరట.

శిక్షలు కూడా పెరిగాయి. లైసెన్సు లేకుండా మామూలు తుపాకీ ఉంచుకుంటే ఇంతకుముందు ఏడాది నుంచి మూడేళ్లు. ఇప్పుడు కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా అయిదేళ్లు జైలు, జరిమానా. పెళ్లిళ్లలో, బహిరంగ వేడుకల్లో సరదాగా గాల్లోకి కాల్చి ఎదుటివాళ్ల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నికాహ్ బారాత్‌లో పాత తుపాకీ బయటకు తీసి వీడియో పెట్టే కుర్రాళ్లకు ఇంటి పెద్దలే ఈ మాట చెప్పాలి. లైసెన్సు ఉన్నా ఈ నేరం నుంచి తప్పించుకోలేరు.

ఇంకొకటి యూఐఎన్ అనే విశిష్ట గుర్తింపు సంఖ్య. దేశంలోని లైసెన్సులన్నింటినీ ఒకే జాతీయ డేటాబేస్‌లోకి ఎక్కించి ప్రతి లైసెన్సుదారుకూ ఒక సంఖ్య ఇచ్చారు. గడువు పొడిగిస్తూ వచ్చి చివరికి 2020 జూన్ 29 తర్వాత యూఐఎన్ లేని లైసెన్సు చెల్లదని ప్రకటించారు. లాక్‌డౌన్ రోజుల్లో వచ్చిన గడువు అది. పట్నానికి దూరంగా ఉండే వృద్ధుల్లో దీని సంగతి తెలియనివాళ్లు ఉంటే ఆశ్చర్యం లేదు. ఇంట్లో లైసెన్సు పుస్తకం భద్రంగా ఉంది కాబట్టి అంతా సవ్యంగా ఉందనుకోవడం ఇక్కడే మోసం చేస్తుంది. పుస్తకంలో యూఐఎన్ ఉందా, ఆఖరి రెన్యువల్ ఎప్పటిదాకా ఉంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు చూసుకోవాలి.

నల్లమల అంచున అదనపు లెక్క

యర్రగొండపాలెం, పెద్దదోర్నాల, గిద్దలూరు వైపు ఇంకో నిబంధన ఉంది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలో పెద్దవాటిలో ఒకటి. దాని పక్కనే గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం అభయారణ్యం లోపల గానీ, దాని నుంచి 10 కిలోమీటర్ల లోపు గానీ ఉండే తుపాకీ లైసెన్సుదారులు తమ పేరును అటవీ శాఖ దగ్గర కూడా నమోదు చేయించుకోవాలి. ఆ పరిధిలో కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అంగీకారం ముందుగా కావాలి. అంటే కలెక్టరేట్ రిజిస్టరులో, అటవీ శాఖ రిజిస్టరులో ఒకే నంబరు ఒకేలా ఉండాలి.

పంటను అడవి పందులు తొక్కేస్తున్నాయన్న బాధ ఈ ప్రాంతంలో నిజమైనదే. పంట కాపలా కోసం మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు ఆయుధ చట్టంలోనే ఉంది. కానీ తుపాకీ లైసెన్సు వేట లైసెన్సు కాదు. అనుమతి లేకుండా అడవి జంతువును కాల్చితే వన్యప్రాణి చట్టం కింద వేరే కేసు. దాదాల కాలంలో షికారు గొప్పగా చెప్పుకునే విషయం, 1972 తర్వాత అది నేరం. ఆ తేడా తెలియక చిక్కుల్లో పడ్డ రైతు తుపాకీతో పాటు భూమి పనులూ వదులుకుని కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

విరాసత్‌లో తుపాకీ ఎవరికి?

కుటుంబాల్లో అసలు చిక్కు లైసెన్సుదారు ఇంతకాలైనప్పుడు మొదలవుతుంది. ఆ రోజు నుంచి ఆ తుపాకీ ఇంట్లో ఉండడానికి ఎవరికీ చట్టబద్ధమైన హక్కు లేదు. సెక్షన్ 21 ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోవాలి. అప్పగించినంత మాత్రాన హక్కు పోదు. వారసుల్లో ఒకరు లైసెన్సు తెచ్చుకుంటే తుపాకీ తిరిగి ఇస్తారు, లేదంటే లైసెన్సు ఉన్నవాళ్లకు అమ్ముకోవచ్చు. నిర్ణీత గడువు దాటిపోతే మాత్రం ప్రభుత్వానికి చేరిపోతుంది. చాలీస్‌వాఁ దాకా ఆగుదాం, ఖత్మ్ అయ్యాక చూద్దాం అంటూ నెలలు గడిపేస్తే ఆ ఆలస్యం కుటుంబం మీదికే వస్తుంది.

2016 ఆయుధ నిబంధనల్లో వారసులకు మంచి వెసులుబాటు ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, లేక ఆ తుపాకీ 25 ఏళ్లుగా ఆయన దగ్గరే ఉన్నా, బతికుండగానే ఒక వారసుడి పేరు చెప్పి లైసెన్సు బదలాయించుకోవచ్చు. ఇది చాలామందికి తెలియని దారి. అబ్బా జ్ఞాపకశక్తి బాగున్నప్పుడే, సంతకం పెట్టగలిగినప్పుడే ఈ పని పూర్తిచేస్తే తర్వాత వచ్చే సగం తలనొప్పులు ఉండవు.

ఆయన పోయాక అయితే మిగతా వారసుల అంగీకారం కావాలి. ముస్లిం కుటుంబాల్లో ఇక్కడ ఒక పొరపాటు జరిగే వీలుంది. అన్నదమ్ములు మాట్లాడుకుని పెద్దవాడి పేరున రాసేసి, పెళ్లై వెళ్లిపోయిన అక్కచెల్లెళ్ల సంతకం అక్కర్లేదనుకుంటారు. షరియత్ ప్రకారం కూతురికి, భార్యకు, బతికుంటే తల్లికి కూడా వాటా ఉంది. చట్టం దృష్టిలోనూ వాళ్లు వారసులే. తుపాకీని ముక్కలు చేసి పంచలేరు కాబట్టి అది ఒక్కరి పేరునే ఉంటుంది. దాని విలువను మాత్రం లెక్కలో వేసి మిగతావాళ్లకు సర్దాలి. పాత ఇంగ్లీషు డబుల్ బ్యారెల్ తుపాకీకి మంచి ధర పలకవచ్చు. ఆ ధర తేలాలన్నా తయారీదారు పేరు, బోరు, నంబరు సరిగ్గా రాసి ఉండాలి. "ఒక పాత బందూకు" అని మీరాస్ జాబితాలో రాస్తే ఎవరికీ న్యాయం జరగదు.

కొన్ని ఇళ్లలో భయపడి ఇంకో తప్పు చేస్తారు. గొడవెందుకని బావిలో పడేయడం, పాత ఇనుము వాడికి ఇచ్చేయడం. తుపాకీ పోయినా రిజిస్టరులో నంబరు పోదు. రేపు పోలీసులు "ఈ నంబరు తుపాకీ ఎక్కడ?" అని అడిగితే జవాబు చెప్పాల్సింది వారసులే. పైగా ఆ తుపాకీ ఇంకెవరి చేతికైనా చిక్కి నేరంలో దొరికితే దర్యాప్తు మొదలయ్యేది ఆ నంబరు దగ్గరే, వచ్చి ఆగేది ఆ ఇంటి గుమ్మం దగ్గరే.

రికార్డు తప్పయితే ఎంత దూరం పోతుంది

ఇది గుమాస్తాల చిన్న పొరపాట్ల వ్యవహారం అని తీసిపారేయకూడదు. జమ్మూకశ్మీర్‌లో 2012 నుంచి 2016 మధ్య 2.78 లక్షలకు పైగా లైసెన్సులు అర్హత లేనివాళ్లకు ఇచ్చారన్న ఆరోపణపై సీబీఐ దర్యాప్తు చేసింది. ఒక చోట రిజిస్టరు కట్టుతప్పితే దేశమంతా ఎలా పాకుతుందో ఆ కేసు చూపించింది. దాని తర్వాత పాత లైసెన్సులను అనుమానంగా చూడడం అధికారులకు సహజమైంది. నిజాయితీగా ఉన్నవాళ్ల దగ్గర కూడా ఆధారం అడుగుతారు.

నల్లమల నేపథ్యం కూడా దీనికి తోడు. ఈ అడవులు చాలా ఏళ్లు నక్సలైట్ల స్థావరం. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు అప్పటి మావోయిస్టు నేతలు బయటకు వచ్చింది కూడా ఈ అడవి నుంచే. ఆయుధాలంటే పోలీసులు ఇక్కడ మిగతా చోట్ల కంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండడానికి అది ఒక కారణం. దానికి తోడు ముస్లిం ఇంట్లో ఆయుధం దొరికిందన్న వార్త ఈ రోజుల్లో ఎలా పాకుతుందో, ఎంత తొందరగా కథలు పుడతాయో వేరే చెప్పక్కర్లేదు. దాదా జ్ఞాపకం అని ఇంటివాళ్లు అనుకునే వస్తువు సోదాలో కాగితం లేకుండా దొరికితే అక్రమ ఆయుధమే అవుతుంది. వదంతికి జవాబు కోపం కాదు. చేతిలో ఉన్న రసీదు, దాని మీద సరైన నంబరు.

ఎన్నికల సమయం మరో పరీక్ష. ప్రవర్తనా నియమావళి అమల్లోకి రాగానే లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో అప్పగించమని ఆదేశాలు వస్తాయి. స్థానిక సంస్థల ఎన్నికలు ఎప్పుడు ప్రకటించినా అదే జరుగుతుంది. అప్పగించేటప్పుడు రసీదులో "ఒక తుపాకీ" అని కాకుండా తయారీదారు పేరు, బోరు, నంబరు రాయించుకోవాలి. ఎన్నికలయ్యాక తిరిగి తీసుకునేటప్పుడు అదే నంబరు ఉందో లేదో చూసుకోవాలి. స్టేషన్‌లో వరుసగా నిలబెట్టిన పాత తుపాకులన్నీ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి.

ఇప్పుడు చేయాల్సిన పనులు

మొదటిది భద్రత. చాలాకాలం ముట్టని తుపాకీని ఎవరూ సరదాకు విప్పకూడదు. మందు కూరే తుపాకుల్లో ఎన్నో ఏళ్ల కిందట కూరిన మందు అలాగే ఉండిపోయే ప్రమాదం ఉంది. లోపల మందు ఉందనే అనుకుని, గొట్టం మనిషి వైపు లేకుండా చూసి, తెలిసినవాళ్ల చేతే పరీక్ష చేయించాలి.

రెండోది కాగితం. లైసెన్సు ఉన్నవాళ్లు తుపాకీ మీది నంబరును, లైసెన్సు పుస్తకంలోని నంబరును, జాతీయ డేటాబేస్‌లో నమోదైన వివరాన్ని పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఒక్క అంకె తేడా ఉన్నా రాతపూర్వకంగా దిద్దుబాటు కోరి, దరఖాస్తు అందినట్టు ముద్ర తీసుకోవాలి. దస్త్రం ఒంగోలులో ఉందా, మార్కాపురం వచ్చిందా అన్నది కొత్త కలెక్టరేట్‌లో అడిగి రాయించుకోవాలి. కర్నూలు ముద్ర ఉన్న పాత పుస్తకాలను, చిరిగిపోయినా సరే, పారేయకూడదు. తుపాకీ మొదటి నుంచీ చట్టబద్ధంగా ఉందని చూపే మొదటి ఆధారం అవే.

మూడోది కాగితం ఏదీ దొరకని తుపాకీ. దాన్ని ఆటోలో వేసుకుని స్టేషన్‌కు బయలుదేరడం కంటే ముందు న్యాయవాదిని కలిసి, దొరికిన తీరును రాతపూర్వకంగా పోలీసులకు తెలిపి, వాళ్లు చెప్పిన విధంగా అప్పగించడం మేలు. పాడైపోయి, బాగుచేసినా పేలని పురాతన ఆయుధాలకు చట్టంలో మినహాయింపు ఉంది. కానీ అది పేలదని తేల్చాల్సింది ఇంటివాళ్లు కాదు. తుప్పు పట్టింది కాబట్టి లెక్కలోకి రాదని సొంతంగా తీర్పు చెప్పుకోవడం ప్రమాదం.

పేరు లేని జాబితా

చివరగా చరిత్ర మాట. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో నవాబుల ఆయుధాల గ్యాలరీ చూసి మెచ్చుకోని మనిషి ఉండడు. మార్కాపురం రైతు భుజాన వేసుకున్న తుపాకీకి అలాంటి గ్యాలరీ లేదు. ఏ కంపెనీ తుపాకీ కర్నూలు దాకా వచ్చింది, ఎవరు ఎందుకు కొన్నారు, పంట కాపలాకు ఎన్ని, షికారుకు ఎన్ని అన్నది ఎక్కడా పుస్తకంగా లేదు. టార్గెట్ రైఫిల్ సేకర్తల పద్ధతిలోనే ఈ ప్రాంత కాలేజీల చరిత్ర విభాగాలు ఆ పని చేయవచ్చు.

ఒక షరతు మాత్రం తప్పనిసరి. ఏ ఇంట్లో ఏ తుపాకీ ఉందో చెప్పే జాబితా బయటకు వస్తే దొంగలకు అంతకంటే మంచి చిరునామా పుస్తకం ఉండదు. పేరు, ఊరు ఉన్న జాబితా ప్రభుత్వం దగ్గరే ఉండాలి. చరిత్ర కోసం చేసే జాబితాలో తయారీదారు, బోరు, నంబరు, ముద్రలు, మొదటి లైసెన్సు ఏడాది ఉంటే చాలు. నంబరు ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం ఈ రెండు జాబితాల్లో దేనికీ పనికిరాదు.

కొత్త జిల్లా పుట్టినప్పుడు దస్త్రాలన్నీ ఒకసారి కదులుతాయి. కదిలే దస్త్రాన్ని సరిచేయడం సులువు, కుదురుకున్నాక కష్టం. తప్పుడు అంకెను సరిచేయించుకోవడానికి పశ్చిమ ప్రకాశం కుటుంబాలకు ఇంతకంటే మంచి సమయం దొరకదు. ఈ సమయాన్ని వదులుకుంటే నష్టపోయేది తుపాకీ ఒక్కటే కాదు. ఆ తుపాకీని ఎన్నడూ ముట్టని మనవళ్లు, మనవరాళ్లు కూడా స్టేషన్‌లో జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.